మునిగిన లాంచీలో ఊపిరి

లచ్చయ్య చెప్పే కథలో పదిహేను నిమిషాలు లెక్కకు రావడం లేదు.

అతని వాంగ్మూలం మొదటిసారి చదివినప్పుడే మధులత ఆ సంగతి పట్టుకుంది. ఇప్పుడు చింతరేవు ఒడ్డున, జనవరి మంచు ఇంకా నీళ్ళ మీది నుంచి లేవకముందే, అతణ్ణి ఎదురుగా బండ మీద కూర్చోబెట్టి మళ్ళీ మొదటినుంచి అడుగుతోంది. లచ్చయ్య 'శబరిరాణి' లాంచీలో తాళ్ళు, లంగర్లు చూసుకునే కలాసీ. కిందటి ఆగస్టు పద్నాలుగున ఆ లాంచీ గోదావరిలో మునిగినప్పుడు అందులో ఉన్నది ఇద్దరే. ఒకడు లచ్చయ్య, రెండోవాడు లాంచీ నడిపే సరంగు కుమారస్వామి. లచ్చయ్య ఈదుకుంటూ ఒడ్డు చేరాడు. కుమారస్వామి జాడ ఐదు నెలలుగా లేదు.

"ప్రయాణికులందరు దిగినంక ఐదుంబావుకు రేవు విడిచిండ్రు. అవ్ గదా?"

"అవ్ మేడం."

"వరద ఉరవడిల కిందికి పోతే లాంచీ మునిగిన బొంతరాయి కాడికి ఎంతసేపు పడ్తది?"

"పది నిమిషాలు. గట్లనే."

"అంటే ఐదు ఇరవై ఐదు. మునిగింది ఐదు నలభైకని నువ్వే చెప్పినవు. నడుమ పదిహేను నిమిషాలు ఏంజేసిండ్రు?"

లచ్చయ్య కుడిచెవి ఆమె వైపు తిప్పి విన్నాడు. రెండు చెవుల్లోనూ దూది కుక్కుకుని ఉన్నాడు. చలికని చెప్పాడు.

"సరంగు తాగి ఉన్నడు మేడం. లాంచీని గుండ్రంగ తిప్పిండు. తిప్పి తిప్పి రాయికి గుద్దిండు."

"వరదల రెండంతస్తుల లాంచీ అడ్డం తిరిగితే పదిహేను సెకన్లు గూడ నిలవదు లచ్చయ్యా. నువ్వు ఇరవై ఏండ్ల సంది కలాసీవి. ఈ మాట నాకు నువ్వు చెప్పాలె, నీకు నేను గాదు."

అతను చెవిలోని దూదిని ఇంకా లోపలికి నొక్కుకున్నాడు.

పక్కన నాటుపడవలో తెడ్డు పట్టుకుని కూర్చున్న పున్నమ్మ అతణ్ణే చూస్తోంది. కుమారస్వామి భార్య. యాభై దాటిన మనిషి. మొగుడు తాగి లాంచీ ముంచి పారిపోయాడన్న మాటను ఈ ఐదు నెలల్లో రేవులో, సంతలో, బస్సులో, ప్రతిచోటా విన్నది. విని ఊరుకోకుండా ఖమ్మం వెళ్ళి, మధులత ఆఫీసు మెట్ల మీద కూర్చున్నది. "ఆయన కల్లు గూడ ముట్టడు బిడ్డా" అన్న ఒక్క మాటే ఆవిడ తెచ్చిన సాక్ష్యం.

జీపు ఆగిన చప్పుడైంది. ఇన్‌స్పెక్టర్ ప్రేమ్‌సాగర్ దిగి, నీళ్ళ అంచున పేర్చి ఉన్న గాలి సిలిండరు, రబ్బరు సూటు, టార్చి, నీళ్ళలో వాడే కెమెరా చూసి నవ్వాడు. ఆ నవ్వు మధులతకు కొత్త కాదు. ఇద్దరూ ఒకే బ్యాచిలో ఎస్సైలుగా చేరారు. ఏడేళ్ళ తర్వాత ఆమె ఉద్యోగం వదిలి డిటెక్టివ్ అయింది. అతను వదల్లేదు. లాంచీ కేసు రిపోర్టు రాసింది అతనే.

"నేను రాసిన రిపోర్టును నీళ్ళల్ల ముంచుదామని వచ్చినవా?"

"నీళ్ళల్ల ఏమున్నదో చూడకుండ రాసినవు గదా. చూసొస్తా."

"వరదల ఎవడు దిగుతడు? కలాసీ కండ్లార చూసిండు. సరంగు అవతలి ఒడ్డెక్కి అడవిల పడ్డడు. కేసు గంతే."

"నీళ్ళు తగ్గి రెండు నెలలాయె ప్రేమ్. ఇప్పుడెందుకు దిగలేదు?"

అతని ముఖం బిగుసుకుంది. "పన్నెండు గంటలకు క్రేను మోసే పంటు పడవ వస్తది. ఓనర్ వెంకటకృష్ణ గారు లాంచీని లేపి తుక్కుకు అమ్ముకుంటున్నరు. పడవల దారికి అడ్డమని పర్మిషను గూడ ఇచ్చినం. పన్నెండు దాటితే నిన్ను నీళ్ళల్లకెళ్ళి నేనే లాగేస్త."

మధులత మెజిస్ట్రేటు ఇచ్చిన కాగితం అతని చేతిలో పెట్టింది. లాంచీని కదిలించేలోపు ఒక్కసారి లోపల చూసేందుకు పున్నమ్మ తరఫున తెచ్చుకున్న అనుమతి అది. తొమ్మిదీ నలభై అయింది. ఆమె సూటు జిప్పు పైకి లాక్కుంది.

బొంతరాయి దగ్గర పున్నమ్మ పడవ నిలిపింది. మధులత నడుముకు కట్టిన తాడు రెండో కొస ఆవిడ చేతిలో ఉంది. ఒకసారి లాగితే బాగున్నానని. రెండుసార్లు లాగితే తాడు వదలమని. మూడుసార్లు లాగితే పైకి గుంజమని.

"ఆయన కనబడితే..." అని పున్నమ్మ ఆగింది. తర్వాత మాట మింగేసి, "పో బిడ్డా, పైలం" అంది.

మధులత వెనక్కి వాలి నీళ్ళలోకి జారింది.

చలి ఒక్కసారిగా తల పట్టుకుంది. మెడ దగ్గర సూటు సందులోంచి నీళ్ళు చొరబడి వెన్ను పొడుగునా గీత గీసినట్టు దిగాయి. విశాఖలో ఈత నేర్చి సముద్రంలో ఎన్నోసార్లు మునిగింది గాని, గోదావరి లోపలికి రావడం ఇదే మొదలు. మట్టి నీళ్ళు, చేయి చాస్తే చేయి కనిపించదు అనుకుంది. చలికాలం గోదావరి సంగతి ఆమెకు తెలియదు. ఒండ్రంతా అడుగుకు దిగిపోయి, నీళ్ళు లేత సీసా రంగులో తేటగా నిలిచి ఉన్నాయి. పైనుంచి ఎండ పొడుగాటి కడ్డీలుగా దిగుతోంది. పది అడుగులు దిగేసరికి లోకంలోని చప్పుళ్ళన్నీ ఆగిపోయి, తన ఊపిరి ఒక్కటే మిగిలింది. లోపలికి పీల్చినప్పుడు సన్నటి ఈల. వదిలినప్పుడు బుడగల గలగల.

ఇరవై అడుగుల దగ్గర లాంచీ కనిపించింది.

మధులత కాళ్ళాడించడం మానేసి అలాగే నీళ్ళలో వేలాడింది. మునిగిన లాంచీ అంటే ఒరిగిపోయి, చీలిపోయి, ఇసుకలో కూరుకుపోయి ఉంటుందనుకుంది. శబరిరాణి అలా లేదు. రేవులో ప్రయాణికుల కోసం ఆగినట్టు, ముక్కు ఎగువకు పెట్టుకుని, నిటారుగా కూర్చుని ఉంది. రెండంతస్తులూ, కమ్మీలూ, మెట్లూ ఎక్కడివక్కడ ఉన్నాయి. కింది అంతస్తులో కుర్చీలు వరసగా ఉన్నాయి. ఒక్కో కుర్చీలో మెత్తటి ఒండ్రు, దిండు వేసినట్టు. వాటి నడుమ దారిలో వేలెడంత చేపలు గుంపుగా ఒక చివరి నుంచి ఇంకో చివరికి పోయి, అక్కడ ఒక్కసారి మలుపు తిరిగి, మళ్ళీ వస్తున్నాయి. పైకప్పుకు లైఫ్ జాకెట్లు అతుక్కుని వేలాడుతున్నాయి, నారింజ రంగు గబ్బిలాల్లా. మెట్ల కింద మనిషి పొడవు వాలుగచేప మీసాలు చాపి పడుకుని, ఆమె వెలుగు పడ్డా కదల్లేదు. ఇల్లు తనదే అన్నట్టుంది దాని తీరు.

ఏదో చెప్పాలనిపించింది ఆమెకు. నోట్లో గొట్టం ఉంది. ఒకసారి తాడు లాగింది. పైనుంచి ఒక లాగు బదులొచ్చింది.

కెమెరా చేతిలోకి తీసుకుని పని మొదలుపెట్టింది. ముందు లాంచీ చుట్టూ ఈదింది. రాయి తగిలిన చోటు కోసం వేళ్ళతో తడుముతూ ముక్కు నుంచి వెనక దాకా వెళ్ళి, రెండోవైపు నుంచి తిరిగొచ్చింది. సొట్ట ఉంది, గీతలున్నాయి. చిల్లు లేదు. చిటికెనవేలు దూరే చీలిక కూడా లేదు.

ముందువైపు లంగరు గొలుసు బిర్రుగా సాగి రాతి నెర్రెలో ఇరుక్కుని ఉంది. వెనకవైపూ ఇంకో లంగరు, అంతే బిర్రుగా. తాగినవాడు ఒక లంగరు వేయడమే గగనం. రెండు వేసి, రెండు పక్కలా సమంగా బిగించాలంటే చెయ్యి తిరిగిన మనిషికి కూడా పదిహేను నిమిషాలు పడుతుంది.

వెనక లంగరు దాటి ఇంకాస్త ముందుకు పోయేసరికి కింద నేల మాయమైంది. లాంచీ కూర్చున్నది ఒక రాతి అరుగు మీద. దాని అంచు నుంచి గోదావరి మడుగు మొదలవుతుంది. టార్చి వెలుగు అందులోకి పోయి మళ్ళీ రాలేదు. అటువైపు నుంచి వచ్చే నీళ్ళు ఇంకా చల్లగా, ఎన్నడూ ఎండ చూడనట్టు ఉన్నాయి. పది గజాలు అటు మునిగి ఉంటే శబరిరాణి ఈ జన్మకు దొరికేది కాదు. అరవై అడుగుల వరదలో, కంటికి ఏమీ కనిపించని ఎర్రనీళ్ళ మీది నుంచి, ఇంత పెద్ద లాంచీని ఇంత చిన్న అరుగు మీద పసిపిల్లను పడుకోబెట్టినట్టు దింపాడు కుమారస్వామి. ఆ మనిషికి మనసులోనే దండం పెట్టింది.

మిగిలింది ఎలా ముంచాడన్నదే. ఇంజను గదిలో అది కూడా దొరికింది. నదినీళ్ళు లోపలికి తీసుకునే వాల్వు మూత విప్పి పక్కన పెట్టి ఉంది. దాని నాలుగు నట్లూ ఒక రేకుడబ్బాలో వేసి, మూత పెట్టి, డబ్బా కదలకుండా తీగతో గోడకు కట్టి ఉంది. మళ్ళీ ఒకరోజు ఆ నట్లు బిగించాల్సి వస్తుందని నమ్మిన మనిషి చేసిన పని అది.

ఎందుకు ముంచాడు?

ఇంజను గది వెనక సామాను గది తలుపు వారగా తెరిచి ఉంది. మధులత ఒళ్ళు కుదించుకుని లోపలికి దూరి, టార్చి పైకెత్తింది.

పైన వెండి ఉంది.

గది కప్పు కింద, మూలకు, చాపంత వెడల్పున వెండి పొర ఒకటి వణుకుతూ నిలిచి ఉంది. అందులో టార్చి వెలుగు చంద్రుడిలా తిరుగుతోంది. దాని పక్కనే అద్దాల కళ్ళజోడుతో తలకిందులుగా తన ముఖమే తనను చూస్తోంది. చెయ్యి చాచి తాకింది. వేళ్ళు దాంట్లోకి దూరి, పొడిగా తగిలాయి. గాలి. నీళ్ళ అడుగున, ఇనుప కప్పు కింద చిక్కుకున్న గాలి. ఎంత అందంగా ఉందో! ఒక క్షణం వచ్చిన పనే మరిచిపోయింది.

మరుక్షణం ఆ అందమే భయపెట్టింది. తాను ఇంకా ఈ గదిలో ఒక్క ఊపిరి కూడా వదల్లేదు. లాంచీ మునిగినప్పటి గాలి ఐదు నెలల వరదకు నిలవదు. మరి ఈ ఊపిరి ఎవరిది?

వెలుగు కిందికి దించింది. నేలంతా ఒండ్రు పరిచి ఉంది. దాని మీద, పైపైన, కప్పు నుంచి రాలిన తుప్పు రేకులు. బుడగలు తగిలి రాలినవి, కొత్తవి. వాటి మీద ఇంకా ఒండ్రు పేరుకోలేదు. రోజులు తప్ప వారాలు కాలేదు. తనకన్నా ముందు ఇక్కడికి ఎవరో వచ్చారు. గాలి పీల్చుకుంటూ చాలాసేపు ఉన్నారు.

దేనికోసం వచ్చారో తిరిగి చూస్తే తెలిసింది.

మూలన టార్పాలిన్ పక్కకు జారి ఉంది. దాని మడతల్లోంచి ఒక ముఖం ఆమెను చూస్తోంది. సగం మూసిన కళ్ళు, పొడుగాటి చెవులు, పెదవుల దగ్గర నవ్వూ కాని, నవ్వు కానిదీ కాని ఒక మెత్తదనం. తెల్లటి పాలరాతి బుద్ధుడు, నాలుగడుగుల వాడు. భుజాల మీదా ఒడిలోనూ ఒండ్రు మందంగా పేరుకుంది. ముఖం మాత్రం శుభ్రంగా ఉంది. ఎవరో అరచేత్తో తుడిచారు. బుగ్గ మీద వేళ్ళ జాడలు కనిపిస్తున్నాయి. ఒక చిన్న చేప ఆ చెవి పక్కన నిలబడి మెల్లగా రెక్కలాడిస్తోంది.

జులైలో నేలకొండపల్లి పక్క ఒక చేనులో బావి తవ్వుతుంటే రాతి బుద్ధుడు బయటపడ్డాడని, అధికారులు వెళ్ళేసరికి గుంట తప్ప ఏమీ లేదని మధులత విన్నది. అది పుకారని అందరూ వదిలేశారు. ఆ పుకారు ఇక్కడ, ఇరవై ఎనిమిది అడుగుల నీళ్ళ కింద, కళ్ళు సగం మూసుకుని కూర్చుంది. ఎన్ని వందల ఏళ్ళు మట్టిలో ఉన్నాడో, ఐదు నెలలుగా నీళ్ళలో ఉన్నాడు, ఆ ముఖంలో దేనికీ తొందర లేదు. కెమెరా ఎత్తడానికి చేతులు రాలేదు. చివరికి ఎత్తింది.

వెనక్కి తిరగబోతే కాలి రెక్క ఒండ్రుకు తగిలింది. గది మొత్తం గోధుమరంగు పొగ. టార్చి వెలుగు మూరెడు దూరంలో ఆగిపోయింది. తలుపు ఎటో తెలియదు. ఇల్లందు బొగ్గుబాయిలో ముప్పై ఏళ్ళు దిగిన తండ్రి చెప్పిన మాట గుర్తొచ్చింది. చీకట్ల దారి తప్పితే ముందు నిలబడు. ఊపిరి సక్కగ తీస్కో. తర్వాతనే కాలు కదుపు. ఆమె నిలబడింది. నాలుగు ఊపిర్లు తీసింది. తర్వాత నడుము దగ్గర తాడు దొరకబుచ్చుకుని, దాన్నే వేళ్ళతో చదువుకుంటూ తలుపు దాటి, మూడుసార్లు లాగింది.

పదీ ముప్పై ఐదుకు ఒడ్డున కెమెరా తెర మీద ప్రేమ్‌సాగర్ అంతా చూశాడు. చిల్లు లేని అడుగు, రెండు లంగర్లు, డబ్బాలో నట్లు. బుద్ధుడు వచ్చేసరికి టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. తీసినట్టు తనకే తెలియదు.

"సరంగే ముంచిండంటవ్."

"కావాలనే, దొరికే చోట ముంచిండు. ఆ రాత్రి ఆ విగ్రహం గోదావరి పొడుగున కిందికి దాటిపోకుండ ఆపిండు. వరద ఉన్నన్ని రోజులు ఎవ్వడు ముట్టలేడు. తగ్గినంక ఎవరో ఒకరు దిగి చూస్తరని నమ్మిండు."

"గట్లయితే స్టేషనుకు రావచ్చు గదా! చెప్పొచ్చు గదా!"

పున్నమ్మ పడవ దిగి వచ్చింది. "వచ్చిండు సారూ. పదమూడో తారీకున వచ్చిండు. రెండు గంటలు బెంచీ మీద కూసోబెట్టిండ్రు. లాంచీల దేవుణ్ణి ఎక్కించిండ్రని చెప్తే, పొద్దుగాలనే తాగినవా అని నవ్వి పంపిండ్రు. నన్ను గూడ నవ్వుతరని ఇన్నొద్దులు ఈ మాట ఎవ్వరికి చెప్పలే. నవ్వింది ఎవరో నాకు తెల్వదు. ఆయనకు తెలుసు."

ప్రేమ్‌సాగర్ టోపీ మళ్ళీ తలకు పెట్టుకోలేదు.

మధులత లచ్చయ్య ముందు మోకాళ్ళ మీద కూర్చుని, అతని ఎడమచెవిలోంచి దూది తీసింది. లోపలి కొస ఎర్రగా ఉంది.

"చలికి చెవిల నెత్తురు రాదు లచ్చయ్యా. చెవుల గాలి సదురుకోవడం తెల్వకుండ లోతుకు దిగినోనికి వస్తది. ఎప్పుడు దిగినవు?"

అతని భుజాలు కుంగిపోయాయి.

"మూడు రోజులైంది. పంక్చరు షాపు కంప్రెషరు పడవల పెట్టి, గొట్టం నోట్ల కుక్కి దింపిండ్రు ఓనర్ మనుషులు. నాతోని కోస్తా నుంచి ఇంకొకణ్ణి దింపిండ్రు. ఆ సామిని మోసుడు మా ఇద్దరితోని గాలే. అందుకే లాంచీకి లాంచీనే లేపుదమన్నరు." అతను ముఖం తుడుచుకున్నాడు. "బురదల ఉన్నడు మేడం. చూడబుద్ధి గాక మొఖం తుడిచిన."

"సరంగు తాగిండని ఎందుకు చెప్పినవు?"

"ఆయనే చెప్పమన్నడు! 'తాగి గుద్దిండని చెప్పురా, పారిపోయిండని చెప్పు. కావాలని ముంచినమని తెలిస్తే నిన్ను గూడ బతకనియ్యరు' అన్నడు. నన్ను ఒడ్డుకు తోసి, తను అవతలికి ఈదిండు."

పున్నమ్మ చేతిలోని తాడు జారి కింద పడింది. "ఉన్నడా? లచ్చయ్యా, మనిషి ఉన్నడా?"

"ఉన్నడు వదినా. అవతల రాళ్ళగుంపు గూడెంల, కోయోళ్ళ దగ్గర ఉన్నడు." అతను ఏడవడం మొదలుపెట్టాడు. "కాని ఆ కోస్తాయన ఇప్పి ఉన్న వాల్వు చూసిండు. పోయి ఓనర్‌కు చెప్పిండు. నిన్న నన్ను గదిల ఏసి కొట్టిండ్రు. ఎక్కడున్నడో చెప్పేసిన వదినా. ఇయ్యాల పొద్దుగాల ఏడింటికి ఇద్దరు ఏరు దాటిండ్రు."

పదకొండుకు ఐదు నిమిషాలు. ఎవరూ మాట్లాడేలోపే నది మలుపు అవతల సైరను మోగింది. క్రేను పంటు గంట ముందే వస్తోంది. దాని ముందు కొసన తెల్లచొక్కా వేసుకుని నిలబడ్డది వెంకటకృష్ణ.

ప్రేమ్‌సాగర్ పర్మిషను కాగితం జేబులోంచి తీసి నాలుగు ముక్కలు చేశాడు. "లాంచీ మీద ఎవ్వడు చెయ్యి ఎయ్యడు. నేనుంట. బ్రిడ్జి మీదికెళ్ళి జీపు పంపుత. చుట్టు తిరిగి అవతలికి చేరేసరికి రెండు గంటలైతది మధులతా."

"పడవల పావుగంట" అంది మధులత, అప్పటికే పడవలో కాలు పెట్టి.

పున్నమ్మ తెడ్డు వేసింది. ఆ వేసిన తీరుకు పడవ ముక్కు లేచింది. మధులత తడి సూటులో వణుకుతూ, అవతలి అడవిని చూస్తూ కూర్చుంది. పిట్టల కూతలు కూడా లేవు.

పడవ ఇసుకను తాకకముందే ఇద్దరూ దూకారు. తడి ఇసుకలో నీటి అంచున రెండు పాదాల గుర్తులు. చెప్పుల్లేనివి. మడమలు లోతుగా దిగి, బొంతరాయి వైపు తిరిగి ఉన్నాయి. ఎవరో చాలాసేపు ఇక్కడ నిలబడి లాంచీ మునిగిన చోటునే చూశారు. గుంటల్లోకి నీళ్ళు ఇంకా ఊరుతూనే ఉన్నాయి.

పున్నమ్మ వంగి ఎడమపాదం గుర్తు మీద అరచెయ్యి పెట్టింది. చిటికెనవేలు ఉండాల్సిన చోట ఇసుక నున్నగా ఉంది.

"ఆయనే" అంది. "లంగరు గొలుసుకు పోయింది ఆ వేలు. నువ్వు దిగుడు చూసిండు బిడ్డా. ఇక్కడ నిలబడే చూసిండు."

అక్కడినుంచి ఆ పాదాలు వెనక్కి తిరిగాయి. తిరిగినవి నడవలేదు. మునివేళ్ళే దిగి, మడమ ఆనకుండా, బారకు ఒకటిగా అడవిలోకి పరుగెత్తాయి. మధులత ఆ జాడ వెంట నాలుగడుగులు వేసి ఆగింది.

ఏడింటికి ఏరు దాటినవాళ్ళు రాళ్ళగుంపుకు పోనే లేదు. లాంచీ దగ్గర అలికిడైతే సరంగు తనంతట తానే చూడ్డానికి వస్తాడని లెక్కవేసి, ఈ చెట్ల వెనకే మాటు వేశారు. ప్రతి ఉత్తకాలి గుర్తు మీదా, దాన్ని సగం చెరిపేస్తూ, ఆ చెట్ల వెనక నుంచే మొదలైన రెండు జతల బూటు ముద్రలు ఉన్నాయి.